విమానాల రిపేర్ పని మీద దేశాలు తిరిగే జాబ్, పోవాల్నా వద్దా?

జడ్చర్ల_పోరడు:
అన్నలూ నమస్తే, జర పెద్ద పోస్టే, ఓపికతోని చదవుండ్రి. ఐటీఐ అయినంక శంషాబాద్ దిక్కు ఒక హ్యాంగర్ల (విమానాల రిపేర్ షెడ్డు) నాలుగేండ్ల సంది షీట్ మెటల్, అంటే విమానం రేకుల పని చేస్తున్న, రివెట్లు, ప్యాచులు, కార్గో డోర్ చుట్టూ సొట్టలు, ఎక్కువ ఎయిర్‌బస్ ఏ320 విమానాలే. లైసెన్స్ లేదు, మెకానిక్‌నే, సంతకం మా ఇంజనీర్ సారు పెడతడు. ఇప్పుడు ఒక ఏజెంటు గల్ఫ్‌ల జాబ్ ఉన్నదంటున్నడు, విమానం ఏ దేశంల ఖరాబై ఆగితే ఆడికి టూల్‌బాక్స్ పట్టుకొని ఉరుకుడే పని. జీతం ఇక్కడికి మూడింతలు, బయటికి పోయిన రోజులకు బత్తా వేరే. కని ముందుగాల విజిట్ వీసా మీద రా, వచ్చినంక మారుస్తం అంటున్నడు, 1,80,000 అడుగుతున్నడు. మా నాయిన ఎనకట బొంబాయికి మట్టిపనికి పోయినోడు. గుంపు మేస్త్రి అడ్వాన్స్ ఇచ్చి తోల్కపోతుండె, ఈ ఏజెంటు మన తానే పైసలు తీసుకొని తోల్కపోతడట, ఇద్దర్ల ఎవడు నయం రా అని నవ్వుతున్నడు. నాకైతే నవ్వొస్తలేదు.

దేవరకొండ_దోస్తు:
విజిట్ వీసా అన్నకాడనే ఆగు తమ్మీ. విజిట్ మీద పనిచేస్తే పట్టుకున్ననాడు ఫైన్ నీకే, పంపిచ్చేది నిన్నే, ఏజెంటు ఇక్కడ ఛాయ్ తాగుతుంటడు. ఈమైగ్రేట్ అని సర్కార్ వెబ్‌సైట్ ఉంటది, దాంట్ల ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబర్ చూడు. మన సర్కార్ లెక్కల ఏజెంటు తీసుకోవాల్సింది 30,000, దాని మీద జీఎస్టీ, అంతే. లక్షా ఎనభై దేనికి మల్ల? టెన్త్ పాసైతే ఈసీఎన్ఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర లేని) పాస్‌పోర్టే వస్తది, ఆ క్లియరెన్స్ ఎవ్వరు అడుగరు, అందుకనే ఇంకా ఎక్కువ జాగ్రత్త ఉండాలె.

మిర్యాలగూడ_రివెట్:
నేను తొమ్మిదేండ్లు ఇదే పని చేసిన తమ్మీ, నీ లెక్కనే షీట్ మెటల్. పని మంచిదే, మనిషే అరుగుతడు. ఎట్లుంటదో ఒక్క రాత్రి చెప్త. క్యాటరింగ్ బండి విమానం వెనక డోర్ పక్కన గుద్దింది, పై రేకు లోపలికి పోయింది, ఆఫ్రికాల ఒక ఎయిర్‌పోర్ట్, హ్యాంగర్ లేదు, ఓపెన్ల స్టాండ్ ఏసుకొని పని. సొట్ట లోతు కొలిచి ఫొటోలు తీసి రిపేర్ మాన్యువల్ చూస్తే లిమిట్ దాటింది, ఇగ తులూస్‌ల ఉన్న ఎయిర్‌బస్ కంపెనీకి పంపాలె, ఆళ్ల డ్రాయింగ్ వచ్చేదాక కూసోవాలె. వచ్చినంక కోసుడు, డబ్లర్ (మీద ఏసే ప్యాచు రేకు) కట్ చేసుడు, డ్రిల్లు, రీమరుతోని రంధ్రాలు సాపు చేసుడు, అటు ఒకడు రివెట్ గన్ను పడితే ఇటు ఒకడు బకింగ్ బార్ (రివెట్ వెనక ఆనిచ్చే ఇనుప ముక్క) పట్టి రాత్రంతా కొట్టుడే. రివెట్లు తొందరగనే అయినై, సందులు మూసే సీలెంట్ ఆరలే. చల్లగుంటే అది ఆరది, లైట్లు పెట్టి వేడి చేసినం, కంపెనీ వాళ్లు గంటకోసారి ఫోన్, "అయిందా?"

తీరా అయిపోయి సామాను లెక్క పెడితే ఒక డ్రిల్ బిట్ తక్కువ. బిట్ దొరకంది విమానం కదలదు. రెండు గంటలు టార్చ్ లైట్ పట్టుకొని వెతికితే నా బూటు కింద అంటిన సీలెంట్‌ల అతుక్కొని ఉన్నది. అందరు నవ్విండ్రు, నాకు ఏడుపొచ్చింది.

సరే, పైసల సంగతి. ఒక కాంట్రాక్టర్ నాకు రెండు నెలల జీతం ఎగ్గొట్టిండు, బత్తా మాట నోటితోనే అన్నడు, కాగితం మీద లేదు. గందుకే ఒప్పందంల చూడు: ప్రయాణం రోజులకు జీతం ఉన్నదా, రూమ్ ఎవరిది, దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ ఎవరిది. పాస్‌పోర్ట్ 60 పేజీలది తీసుకో, స్టాంపులకు 36 పేజీలు చాలవు. టార్క్ రెంచ్, డ్రిల్ చెకిన్ బ్యాగుల, స్పేర్ బ్యాటరీలు మాత్రం చేతి బ్యాగుల, తారుమారైతే సెక్యూరిటీ తానే ఆగుతవ్. సాల్వెంట్ డబ్బాలైతే అస్సలు పట్టుకపోకు.

నల్లగొండ_ఏఎంఈ:
నేనైతే పోవద్దనే అంటా, ఇప్పుడే పోవద్దు. మిర్యాలగూడ అన్న చెప్పలేదు గని తొమ్మిదేండ్ల తర్వాత కూడా ఆయన మెకానికే. నీకు నాలుగేండ్ల లాగ్‌బుక్ (చేసిన పని రాసుకునే బుక్కు) ఉన్నదా, పేజీ పేజీకి సంతకం ఉన్నదా? ఈఏఎస్ఏ బీ1.1కు (యూరప్ వాళ్లిచ్చే విమాన మెకానిక్ లైసెన్స్) ముందు టెక్నికల్ చదువు ఏం లేకుంటే నడుస్తున్న విమానాల మీద ఐదేండ్ల అనుభవం అడుగుతరు, ప్రతి మాడ్యూల్ (పరీక్ష పేపర్)ల 75 శాతం తెచ్చుకోవాలె. మల్ల ఒక్క రివెట్లే కొట్టినోని అనుభవం సరిపోదు, ఇంజను, ల్యాండింగ్ గేర్, హైడ్రాలిక్స్ అన్నీ ఉండాలె. మీ హ్యాంగర్ల లైన్ దిక్కు (నడుస్తున్న విమానాల రోజువారీ పని) మార్చమని అడుగు, స్కైడ్రాల్ (హైడ్రాలిక్ నూనె) చేతి మీద పడి మండితే మండనీ, ఆ పేజీ నీదైతది.

మిర్యాలగూడ_రివెట్:
మెకానికే, అవును. ఊర్ల ఇల్లు కట్టిన, చెల్లె పెండ్లి చేసిన. లైసెన్స్ రాసేటందుకు టైం ఎప్పుడు దొరికింది సార్, రాత్రి ఒక దేశం, పొద్దుగాల ఒక దేశం. కని లాగ్‌బుక్ మాట నిజమే తమ్మీ, మస్తు జాబులల్ల సంతకం అడుగుడు మర్చిపోయిన, ఇప్పుడు ఆ ఇంజనీర్లు ఏ దేశంల ఉన్నరో ఎరుక లేదు.

జడ్చర్ల_పోరడు:
అందరికి థాంక్స్ అన్నా. లాగ్‌బుక్ తీసి చూసిన, ఏడాదిన్నర సంతకాలు లేవు, రేపు సార్లను పట్టుకోవాలె. ఏజెంటుకు ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ నంబర్ అడిగిన, పొద్దుగాల పంపుత అని పెట్టేసిండు. మూడు రోజులాయె.

దేవరకొండ_దోస్తు:
ఇగ పంపడు. పాస్‌పోర్ట్ ఆయన తాన లేదు గద?

జడ్చర్ల_పోరడు:
లేదన్నా, జిరాక్సే ఇచ్చిన. ఒరిజినల్ నాయిన బీరువాల పెట్టి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నడు.