తెల్ల రాజపాళయం కుక్కకి ముక్కు, చెవులు ఎండకి కమిలిపోతున్నాయి. ఏం రాయాలి?

పల్నాడు రైతు:
మాది రెంటచింతల పక్క ఊరు. మిర్చి కల్లం కాపలాకి రాజపాళయం కుక్కని పెంచుతున్నాం. ఒళ్లంతా పాలతెలుపు, ముక్కు గులాబీ రంగు. ఎండలు ముదిరిన దగ్గర్నుంచి ముక్కు మీద తోలు పెచ్చులుగా లేస్తోంది. చెవుల అంచులు ఎర్రగా కందిపోయాయి, చెయ్యి వేస్తే తల లాగేసుకుంటోంది. కొబ్బరినూనె రాస్తున్నాం, తగ్గట్లేదు. మా అమ్మాయి వాడే సన్‌స్క్రీన్ రాయొచ్చా? రేకుల షెడ్డు ఉంది గానీ మధ్యాహ్నం అందులోకి పోదు, పట్టా పక్కనే ఎండలో పడుకుంటుంది. బొచ్చు గొరిగించమని ఒకాయన చెప్పాడు.

ఖమ్మం, మామిడితోట:
అన్నా, ఆ సన్‌స్క్రీన్ మాత్రం రాయకండి. మనుషుల క్రీముల్లో చాలావాటిలో జింక్ ఆక్సైడో, సాలిసిలేట్లో ఉంటాయి. ముక్కుకి రాసింది కుక్క వెంటనే నాకేస్తుంది. జింక్ పదేపదే కడుపులోకి పోతే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. కుక్కల కోసం తయారుచేసేవి వేరే ఉన్నాయి, డాక్టరుని అడిగి అవే తెచ్చుకోండి.

గొరిగించడం అసలే వద్దు. రాజపాళయానికి ఉన్న ఆ పొట్టి బొచ్చే గొడుగు. నల్లముక్కు కుక్కకి చర్మంలోని రంగు కొంత కాస్తుంది, దీనికి అదీ లేదు. వెల్లకిలా పడుకునే అలవాటుంటే పొట్ట, తొడల లోపలి వైపు కూడా చూడండి. ఏళ్ల తరబడి అదేచోట కమిలితే చర్మ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. చెవి అంచు గట్టిపడినా, పుండు మానకపోయినా వెంటనే పశువుల డాక్టరుకి చూపించండి.

షెడ్డులోకి ఎందుకు పోతుందన్నా, పైన రేకు సెగ కక్కుతుంటే! రేకు మీద తాటాకో, జొన్నచొప్పో మందంగా పరిచి, పక్కలు తెరిచి గాలి ఆడనివ్వండి. మా దగ్గర కుక్క చెట్టు కింద మట్టి గోకి గుంట చేసుకుంటుంది. దాన్ని మేం పూడ్చం, పొద్దున్నే ఒక బిందె నీళ్లు పోస్తాం. మధ్యాహ్నానికి పైమట్టి పొడిగా కనిపించినా, చెయ్యి పెడితే అడుగున చల్లగా ఉంటుంది, కుక్క పొట్ట ఆనించి పడుకుంటుంది. పగలు కట్టేస్తే మాత్రం పొద్దు వాలాక నీడ ఎటు జరుగుతుందో అటు గొలుసు అందాలి. చాలామంది పొద్దున నీడ చూసి కట్టేసి వెళ్లిపోతారు, నాకు అది చూస్తే ప్రాణం విలవిల్లాడుతుంది.

గుంటూరు నుంచి:
వడదెబ్బ సంగతి కూడా గుర్తుంచుకోండి. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పడమే దాని దారి. మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం. నాలుక బాగా ఎర్రబడి, జొల్లు జిగటగా సాగుతూ, తూలుతుంటే నీడకి తెచ్చి ఒళ్లంతా మామూలు నీళ్లు పోస్తూ ఫ్యాను పెట్టండి, ఆ తర్వాతే బండెక్కించండి. తడిగోనె కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది. తెలివి లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వాళ్లు పలుకుతారు.

పల్నాడు రైతు:
చొప్ప కప్పించాను, ఇప్పుడు లోపలికి పోతోంది. డాక్టరు గారి దగ్గరికి రేపు తీసుకెళ్తున్నా. కొబ్బరినూనె మానెయ్యాలా అమ్మా?

ఖమ్మం, మామిడితోట:
ఎండని నూనె ఆపదన్నా. పగలు రాస్తే కల్లంలో మిరప దుమ్మంతా దానికే అంటుకుని, పగిలిన తోలు మీద మంట పెడుతుంది. రేపు చూపించేదాకా ఏదీ రాయకుండా, సాయంత్రం తడిగుడ్డతో ముక్కు, చెవులు మెల్లగా అద్దండి, రుద్దొద్దు.