ఇస్తాంబుల్‌లో తొమ్మిదిన్నర గంటల లేఓవర్: ఊరు చూడాలా, విమానాశ్రయంలోనే ఉండాలా?

కృష్ణాతీరం

నవంబరులో ఒక మంగళవారం అమ్మానాన్నలను వెంటబెట్టుకుని ముంబై నుంచి ఇస్తాంబుల్ మీదుగా చికాగో వెళ్తున్నాను. ఉదయం ఆరు గంటలకు దిగుతాం. తర్వాతి విమానం మధ్యాహ్నం మూడున్నరకు. ముగ్గురికీ అమెరికా వీసాలు ఉన్నాయి, పెద్ద సామాను నేరుగా చికాగోకే వెళ్తుంది.

నాన్న ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. అక్కడి పురాతన కట్టడం హాగియా సోఫియా చూడాలని ఆయన ఎప్పటినుంచో అనుకుంటున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కడం కష్టం. అన్నయ్యకు మాత్రం ఇది ఇష్టం లేదు. "ఆ కాసేపట్లో మీరు చూసేదేమీ ఉండదు, అమ్మ అలసిపోవడం తప్ప" అంటున్నాడు. రెండు వైపులా ఆలోచించి తేల్చుకోలేకపోతున్నాను. అలా ఆగి చూసినవాళ్లు, ఆగకుండా వెళ్లిపోయినవాళ్లు మీ అభిప్రాయం చెప్పండి.

గడియారం

మీ అన్నయ్య చెప్పిందే సబబు. తొమ్మిదిన్నర గంటలన్నది టికెట్టు మీది అంకె. చేతికందే సమయం ఎంతో లెక్క వేసి చూడండి. విమానం దిగి, అంత పెద్ద టెర్మినల్‌లో నడిచి, ఇమ్మిగ్రేషన్ వరుస దాటేసరికి ఏడున్నర అవుతుంది. కొత్త విమానాశ్రయం నల్ల సముద్రం ఒడ్డున ఉంది. అక్కడినుంచి పాత నగరం సుల్తానహ్మెత్‌కు రోడ్డు మీద నలభై కిలోమీటర్ల పైమాటే. ఉదయం రద్దీలో తొమ్మిదికి చేరితే మంచిదే అనుకోవాలి. ఇక తిరుగు ప్రయాణం. అక్కడ టెర్మినల్ తలుపు దగ్గరే ఒక భద్రతా తనిఖీ ఉంటుంది. తర్వాత పాస్‌పోర్టు, ఆ తర్వాత చేతి సామాను, అమెరికా విమానాలకైతే గేటు దగ్గర ఇంకోసారి ప్రశ్నలు. పన్నెండున్నరకైనా తలుపు దగ్గర లేకపోతే నాకు గుండెదడే. అంటే పదకొండుంపావుకు ఊరు వదలాలి. మీకు మిగిలేది రెండుంపావు గంటలు.

క్రీ.శ. 330లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి రాజధానిగా చేసుకున్నప్పటి నుంచి 1923లో అంకారాకు రాజధాని మారేదాకా దాదాపు పదహారు వందల ఏళ్లు ఆ ఊరు సింహాసనం దగ్గరే బతికింది. అలాంటి ఊరిని రెండుంపావు గంటల్లో చూసినవాళ్లు "ఇస్తాంబుల్ అయిపోయింది" అనుకుంటారు. నాకు అసలు అభ్యంతరం అక్కడే. అలా అనుకున్నవాళ్లు మళ్లీ వెళ్లరు. ఇంకోసారి నాలుగు రోజులు పెట్టుకుని వెళ్లండి.

రాతిమెట్లు

గడియారం గారి లెక్కతో నాకు పేచీ లేదు. లెక్క నుంచి ఆయన తీసిన తీర్పుతోనే పేచీ. "ఇంకోసారి వెళ్లండి" అని ముప్పై ఏళ్లవాళ్లకు చెప్పవచ్చు. రిటైరైన ఉపాధ్యాయుడికి, మోకాళ్ల నొప్పులున్న తల్లికి ఆ ఇంకోసారి ఎక్కడ ఉంది? పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే మన పెద్దవాళ్లలో ఎంతమంది విడిగా టర్కీ యాత్రకు బయల్దేరతారు? వాళ్లకు దారిలో దొరికిందే దక్కుతుంది.

రెండుంపావు గంటలు ఒక ఊరికి చాలవు కానీ ఒక కట్టడానికి చాలా ఎక్కువ. హాగియా సోఫియా ఒక్కటే చూడండి. 532లో మొదలుపెట్టి ఆరేళ్లు నిండకుండానే 537లో పూర్తి చేశారు. కట్టినవాళ్లు ఆంథెమియస్, ఇసిడోర్. ఇద్దరూ గణితం, యంత్రశాస్త్రం చదివినవాళ్లు. ముప్పై ఒక్క మీటర్ల వెడల్పున్న గోపురాన్ని అంత ఎత్తున నిలబెట్టి, దాని అంచు చుట్టూ నలభై కిటికీలు పెట్టారు. వెలుతురు ఆ కిటికీల్లోంచి దిగుతుంటే గోపురం గోడల మీద ఆనుకున్నట్టే కనిపించదు. 558లో భూకంపాల తర్వాత అది కూలింది, ఇంకాస్త ఎత్తు పెంచి మళ్లీ కట్టారు. ఇప్పుడది నేలకు యాభై అయిదు మీటర్ల ఎత్తున ఉంది. చర్చిగా తొమ్మిది వందల ఏళ్లు, 1453లో ఒట్టోమన్ తుర్కులు ఊరిని గెలిచాక మసీదుగా, 1935 నుంచి మ్యూజియంగా, 2020 నుంచి మళ్లీ మసీదుగా ఉంది. ఊరి చరిత్ర మొత్తం ఆ ఒక్క కప్పు కిందే దొరుకుతుంది. తోప్‌కాపి ప్యాలెస్ గురించి ఆలోచించనక్కర్లేదు, మంగళవారం దానికి సెలవు.

పాతబస్తీ వాసి

రాతిమెట్లు గారు ఆ కట్టడాన్ని ప్రేమించారని తెలుస్తూనే ఉంది. కానీ అడిగినవారి అమ్మగారిని మరిచిపోయారు. 2024 జనవరి నుంచి విదేశీ సందర్శకులను పై గ్యాలరీకే పంపుతున్నారు. కింది హాలు నమాజుకు వచ్చేవారికి. టికెట్టు మనిషికి 25 యూరోలు. పైకి వెళ్లేది వంకర తిరుగుతూ ఎక్కే రాతి వాలుదారి. మెట్లు లేకపోయినా రాళ్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. నొప్పి ఉన్న మోకాళ్లకు అది మెట్లకంటే ఏమంత సుఖం కాదు. పైగా గోపురం మరమ్మతులు 2025లో మొదలయ్యాయి, లోపల ఉక్కు పరంజా నిలబెట్టారు. మీరు వర్ణించిన ఆ వెలుతురు ఇప్పుడు అలా దిగదు.

నా సలహా పడవ. ఎమినోను రేవులో, ఎదురు ఒడ్డున ఉన్న ఉస్కుదార్ వెళ్లే ఫెర్రీ ఎక్కండి. మామూలు జనం రోజూ పనులకు వెళ్లే పడవే. ఇస్తాంబుల్‌కార్ట్ ఒకటి కొంటే ట్రామ్‌కు, ఫెర్రీకి అదే చాలు. పోవడానికి దాదాపు ఇరవై నిమిషాలు, రావడానికి అంతే. అమ్మగారు కిటికీ పక్కన కూర్చుని టీ తాగుతూ చూడవచ్చు. వెనక్కి తిరిగితే కొండ మీద సులేమానియే మసీదు, ఆ పక్కన తోప్‌కాపి తోటలు, హాగియా సోఫియా గోపురం, ఆరు మినార్ల నీలి మసీదు. రెండో వైపు గలాటా బురుజు, ఎగువన దోల్మాబాచే ప్యాలెస్. ఈ ఊరు రాజధాని కావడానికి కారణమే ఈ నీళ్లు. నల్ల సముద్రం నుంచి మధ్యధరాకు పోయే ప్రతి ఓడా దీని ముందు నుంచే వెళ్లాలి. గోల్డెన్ హార్న్ పాయకు అడ్డంగా గొలుసు కట్టి శత్రు నౌకలను ఆపేవారు. 1453లో ఒట్టోమన్ సుల్తాన్ మెహ్మెద్ తన ఓడలను కొండమీదుగా లాగించి ఆ గొలుసు వెనక దింపాడు. ఇదంతా నీటి మీద నుంచి చూస్తేనే తెలుస్తుంది.

నాకు ఇంకో కారణం కూడా ఉంది. దోల్మాబాచేలో ఉన్న ఒట్టోమన్ వంశపు చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మెజీద్‌ను 1924 మార్చిలో కుటుంబంతో సహా దేశం నుంచి పంపేశారు. అప్పటికి ఆయన కూతురు దుర్రె షెహవార్‌కు పదేళ్లు. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ఆమెను నిజాం పెద్ద కొడుకు ఆజం జాకు ఇచ్చి పెళ్లి చేశారు. అదే రోజుల్లో ఆ వంశానికే చెందిన నీలోఫర్ రెండో కొడుకు ముఅజ్జం జాను పెళ్లాడింది. మా పిల్లలకు జ్వరమొస్తే పరుగెత్తే నీలోఫర్ ఆస్పత్రి పేరు ఆమెదే. పురానీ హవేలీ దగ్గర దుర్రె షెహవార్ పేరుతో పిల్లల ఆస్పత్రి ఉంది. దుర్రె షెహవార్ పుట్టింది ఉస్కుదార్‌లోనే. హైదరాబాదులో పుట్టి పెరిగిన నాకు ఆ ఒడ్డున నిలబడితే పరాయి ఊరని అనిపించలేదు.

రాతిమెట్లు

అమ్మగారి మోకాళ్ల విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. కానీ పడవ మీద నుంచి కనిపించేది ఊరి గీతలే. లోపల ఏముందో తెలియదు. పై గ్యాలరీలో నేల మీద ఒక రాతిపలక ఉంది, దాని మీద ఎన్రికో దాందోలో పేరు. 1204లో క్రూసేడర్లనే క్రైస్తవ సైన్యాన్ని ఈ నగరం మీదికి నడిపించిన వెనిస్ పాలకుడు. కొల్లగొట్టినవాడినే తెచ్చి ఆ కట్టడంలో పూడ్చారు. అదే అంతస్తులో తెల్ల చలువరాతి పిట్టగోడ మీద హాల్ఫ్‌దాన్ అనే ఉత్తర ఐరోపా సైనికుడు రూనిక్ అనే తన ప్రాంతపు పాత లిపిలో గీసిన పేరు కనిపిస్తుంది. చక్రవర్తి కొలువులో ఎక్కడెక్కడి మనుషులు ఉండేవారో ఆ గీతే సాక్ష్యం. పాఠం చెప్పిన మనిషికి ఇవి చూపించకుండా దూరం నుంచి గోపురం చూపించి తీసుకువెళ్లడం నాకు అన్యాయంగా అనిపిస్తోంది. పరంజా ఉన్నా సరే.

గడియారం

ఇద్దరూ మీ మీ ఇష్టాలను అడిగినవారి మీద పెడుతున్నారు. వర్షం సంగతి ఎవరూ చెప్పలేదు. నవంబరులో అక్కడ చలి, తరచూ వాన, బాస్ఫరస్ జలసంధి మీద గాలి. రాత్రంతా విమానంలో కూర్చున్నవాళ్లకు ముందు ఇంకా పది గంటలకు పైగా ప్రయాణం ఉంది. విమానాశ్రయంలోనే కాళ్లు చాపుకునేందుకు గంటల లెక్కన గది దొరుకుతుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడకండి.

ప్రయాణాల డైరీ

రెండు పనికొచ్చే సంగతులు. టర్కీ ఈ-వీసా ముందే తీసుకోండి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్న భారతీయులకు ఆన్‌లైన్‌లో ఇస్తారు. అది లేకుండా బయటకు పంపరు. టర్కిష్ ఎయిర్‌లైన్స్ టికెట్టయితే ఆరు నుంచి 24 గంటల లేఓవర్ ఉన్నవారికి వాళ్లే ఉచితంగా ఊరు చూపిస్తారు, బస్సు, గైడ్ అన్నీ వాళ్లవే. సమయానికి తిరిగి తెస్తారన్న ధీమా ఉంటుంది. కానీ గుంపు నడకతో నడవాలి, అమ్మగారికి అది కుదరకపోవచ్చు.

శాకాహారులైతే నువ్వులద్దిన సిమిత్ రొట్టె, జున్ను, ఎర్రపప్పుతో చేసే మెర్జిమెక్ సూప్ దొరుకుతాయి. సూప్‌లో మాంసం మరిగించిన నీళ్లు పోశారేమో అడిగి తీసుకోండి.

కృష్ణాతీరం

అందరి జవాబులూ నాన్నకు చదివి వినిపించాను. ఆయన రెండు రోజులు పుస్తకాలు తిరగేసి, ఇది రాయమని చెప్పారు. ఆయన మాటల్లోనే పెడుతున్నాను.

"1453లో కాన్‌స్టాంటినోపుల్ (ఇస్తాంబుల్ పాత పేరు) పతనం, మధ్యయుగాల ముగింపు అని నేను ఏటేటా నల్లబల్ల మీద రాశాను. పిల్లలు తేదీ బట్టీ పట్టారు. ఆ ఊరు ఎందుకు అంత ముఖ్యమైందో నేను సరిగ్గా చెప్పలేదని నాకు బాధ ఉంది. హాగియా సోఫియా లోపలికి వెళ్లకపోయినా ఫరవాలేదు. దాని ఎదురుగా ఉన్న హిప్పోడ్రోమ్, అంటే ఒకప్పటి రథపందాల మైదానం చూస్తే నాకు చాలు. అది ఆరుబయలు, టికెట్టు లేదు, కూర్చోవడానికి బల్లలున్నాయి. ఫారో మూడో తుత్మోస్ ఈజిప్టులో నిలబెట్టిన రాతి స్తంభాన్ని 390లో థియోడోసియస్ చక్రవర్తి ఆ మైదానంలో ఎత్తించాడు. దాని పక్కన కంచు పాముల స్తంభం. క్రీ.పూ. 479లో ప్లాటియా దగ్గర పర్షియన్లను ఓడించిన గ్రీకులు డెల్ఫీలో అర్పించుకున్న మొక్కుబడి. కాన్‌స్టాంటైన్ దాన్ని పెకలించి తెచ్చుకున్నాడు. ఇతరుల విజయాలను తెచ్చి తన వాకిట్లో పాతుకోగలిగితేనే రాజధాని అని పిలుస్తారేమో. అదే మైదానం మీది నాలుగు కంచు గుర్రాలను 1204లో వెనిస్ వాళ్లు పట్టుకుపోయారు. తెచ్చినవాళ్ల నుంచి మళ్లీ ఇంకొకరు తీసుకుపోయారు.

532లో జస్టీనియన్ చక్రవర్తి మీద జనం లేచిన నికా తిరుగుబాటు అక్కడే. ముప్పై వేలమందిని ఆ మైదానంలోనే చంపారని ఆ కాలపు చరిత్రకారుడు ప్రొకోపియస్ రాశాడు. అల్లర్లలో ఇప్పటి హాగియా సోఫియా చోట ఉన్న పాత చర్చి కాలిపోయింది. దాదాపు నలభై రోజులకు జస్టీనియన్ కొత్తది మొదలుపెట్టాడు. మనం మెచ్చుకునే ఆ గోపురం ఆ చావుల వెంటనే లేచింది. మైదానంలో నిలబడి గోపురం వైపు చూస్తే ఈ రెండూ ఒకే చూపులో కనిపిస్తాయి. నాకు అది చూడాలని ఉంది. ఆ తర్వాత మీ అమ్మను పడవ ఎక్కిద్దాం."

పాతబస్తీ వాసి

మాస్టారికి నమస్కారం. ఆ మైదానం గురించి నేను ఇలా ఆలోచించలేదు. సుల్తానహ్మెత్ స్టాప్‌లో ట్రామ్ ఎక్కితే గుల్‌హానే, సిర్కెజి, మూడోది ఎమినోను. దిగితే రేవు కనిపిస్తూనే ఉంటుంది. మైదానంలో ముప్పావుగంట, ట్రామ్‌కు పావుగంట, పడవకు గంట. రేవు దగ్గరే టాక్సీ ఎక్కి విమానాశ్రయానికి వెళ్లిపోవచ్చు. పడవ వెళ్లేటప్పుడు ఎడమవైపు కూర్చోండి, దోల్మాబాచే ఆ వైపే.

రాతిమెట్లు

దాందోలో పలక చూడకుండా వెళ్తున్నారన్న దిగులు నాకు పోలేదు. కానీ మాస్టారు 532ను మైదానం నుంచి చదువుతానన్నారు కాబట్టి ఊరుకుంటున్నాను. ఆయన ఒక్కరైనా పైకి వెళ్లగలిగితే బాగుండేది.

గడియారం

నేను ఇప్పటికీ వద్దనే అంటాను. అయినా వెళ్తామని నిశ్చయించుకుంటే ఒక షరతు పెట్టుకోండి. ఇమ్మిగ్రేషన్ దాటేసరికి ఎనిమిది అయితే పడవ మానేసి మైదానం ఒక్కటే చూడండి. ఎనిమిదిన్నర అయితే అసలు బయటకు వెళ్లకండి. మాస్టారు ఎంత బతిమాలినా ఈ మాట మార్చకండి. అమ్మగారికి మందపాటి కోటు, ముగ్గురికీ గొడుగులు చేతి సామానులోనే పెట్టుకోండి. బోర్డింగ్ పాస్‌లు ముంబైలోనే రెండు విమానాలకూ తీసుకోండి.