ఈ నవల అమ్మకు ఇవ్వొచ్చా?

నమస్తే. మాది నల్లగొండ. మోకాలి ఆపరేషన్ అయి అమ్మ ఇంట్లనే ఉంటున్నది. వారపత్రికల సీరియళ్లు కత్తిరించి, సూదీదారంతో కుట్టి దాచుకున్న మనిషి ఆమె. అందుకే సరదాగా సాగే ప్రేమకథ, మిస్టరీ కలిసిన కొత్త నవల ఒకటి తెచ్చిన. సాగర్ నీళ్ల నడుమ నాగార్జునకొండకు పోయే లాంచీలో హారం మాయమైతది, వెతికే ఇద్దరికీ ప్రేమ కుదురుతది.

అక్క ఒక్క రాత్రిలో చదివేసింది. వదినేమో సగంలోనే దొంగెవరో తెలిసిపోయిందని పక్కన పెట్టింది. నాకైతే ఒకే గొడుగు కింద నిలబడి ఇద్దరూ చెరో భుజం తడుపుకునే సీన్ శానా నచ్చింది. కానీ అమ్మ దొంగను ఇంకా ముందే పట్టేస్తది!

గుట్టు తెలిసినంక కూడా ఇట్లాంటి నవల చదవబుద్ధి అయితదా? మీ ఇంట్ల పెద్దవాళ్లకు ఇచ్చి చూసినోళ్లు జర చెప్పండి. పెద్ద అక్షరాల పుస్తకాలు తెలిస్తే అవి కూడా.