చెరువు తగ్గాల్సిన కాలం ఎవరి సబ్జెక్టు? సివిల్ చదువులో ఎకాలజీ కలపాలా, వద్దా

హైడ్రాలజీ మాస్టారు (చర్చ మొదలుపెట్టినవారు)

హైదరాబాద్ శివార్లలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ పిల్లలకి హైడ్రాలజీ, అంటే నీటి శాస్త్రం, చెబుతాను. ఈసారి సిలబస్ మార్పుల దగ్గర మా డిపార్ట్‌మెంట్‌లో గట్టి వాదన జరిగింది. ఊళ్లో నీళ్ల పని చేయబోయే విద్యార్థికి ఎకాలజీ (జీవులకీ పరిసరాలకీ ఉన్న సంబంధం చెప్పే శాస్త్రం) ఒక పూర్తి సబ్జెక్టుగా, ఫీల్డ్ పనితో, మార్కులతో ఉండాలని నేనన్నాను. సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు వల్ల పర్యావరణం పేపరు ఎలాగూ ఉంది కదా అన్నారు. ఉంది, కానీ పరీక్ష ముందు రాత్రి చదివి పాసైపోయే పేపరు అది. స్ట్రక్చర్స్‌కే టైమ్ చాలడం లేదని సగం మంది వద్దన్నారు.

నేను ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. పోయిన కార్తీకంలో మూడో ఏడాది పిల్లల్ని ఒక చెరువు దగ్గరికి తీసుకెళ్లాను. ఒక పక్క గట్టుకి రాయి పేర్చి, సిమెంటు పూసి వాకింగ్ ట్రాక్ వేశారు. ఇంకో పక్క పని మొదలుకాలేదు, జమ్ము పెరిగి ఉంది. రెండు చోట్లా మగ్గుతో నీళ్లు ముంచి తెల్ల పింగాణీ పళ్లాల్లో పోశాం. సిమెంటు పక్క నీళ్లలో దోమ పిల్లలు తప్ప ఇంకేం కనపడలేదు, పైగా కుళ్లిన గుడ్డు వాసన. జమ్ము పక్క పళ్లెంలోనూ దోమ పిల్లలున్నాయి. కానీ బియ్యపు గింజంత తూనీగ పిల్ల ఒకటి వాటిలో ఒకదాన్ని పట్టుకుని నములుతోంది. పిల్లలంతా పళ్లెం మీదికి వంగిపోయారు. అప్పుడొక అమ్మాయి అడిగింది: "సార్, జమ్ము అటు పక్క ఎందుకు లేదు? రాయి వేసినందుకా, నీళ్లెప్పుడూ నిండుగా ఉన్నందుకా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ చెరువు కట్ట బలం లెక్క కట్టగలను, మత్తడి మీద ఎంత నీరు దూకుతుందో చెప్పగలను. ఆ ప్రశ్నకి మాత్రం నా చదువులో ఎక్కడా చోటు లేదు.

సైట్ ఇంజినీర్, ఉప్పల్

మాస్టారూ, గౌరవంతోనే చెబుతున్నా, నేను ఒప్పుకోను. ఇరవై ఏళ్లుగా నాలా పనులు చేయిస్తున్నాను.

ఎకరం స్థలం మీద గంటకి రెండు సెంటీమీటర్ల వాన పడితే ఎనభై వేల లీటర్ల నీళ్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే పదహారు. నేల మట్టిగా ఉంటే అందులో సుమారు ఐదు ట్యాంకర్లు నాలాలోకి వస్తాయి. అదే నేల మీద కాంక్రీటు పరిస్తే పద్నాలుగు దాటతాయి. ఆ ఎక్కువైన తొమ్మిది ట్యాంకర్లు పట్టే వెడల్పు నాలాకి ఉందా లేదా అన్నదే అసలు లెక్క. సగం నాలా మీద గోడలు లేచాయి. అది తీయించడానికి ధైర్యం కావాలి, తూనీగ గురించి తెలిస్తే సరిపోదు.

1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారు వచ్చి లెక్కలు వేస్తే ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆయన వృక్షశాస్త్రం చదివి ఆ పని చేయలేదు. చైనాలో జెంగ్‌జౌ సంగతి చూడండి. నీటిని పీల్చుకునే 'స్పాంజ్ సిటీ' అని బోలెడు డబ్బు పెట్టారు. 2021 జులై 20న ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్లు కురిస్తే మెట్రో రైల్లో చిక్కుకుని జనం చనిపోయారు. మనదేమో గ్రానైట్ నేల. నాలుగడుగులకే రాయి తగిలే చోట ఇంకుడు గుంత ఎంత మింగుతుంది?

రెండూ సగం సగం నేర్చుకున్న కుర్రాడు రేపు నాలా లెవెల్ తప్పిస్తే మునిగేది బస్తీ. నా భయం అదే.

తూనీగ

అన్నా, నేను బోటనీ ఎమ్మెస్సీ చేస్తున్నాను. మీ భయం నాకు అర్థమైంది. కానీ విశ్వేశ్వరయ్య గారి లెక్క ఎక్కడ మొదలైందో చూడండి. మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 ఆ వరదకి తెగాయని ఆయన లెక్క తేల్చారు. అంటే నదిని ఒక్కదాన్నే కాదు, పైనున్న గొలుసుకట్టు (ఒకదాని నీరు ఇంకోదానికి పారే చెరువుల వరస) మొత్తాన్ని చూశారు. ఈరోజు ఏ సివిల్ విద్యార్థి అయినా తన నాలాకి పైనున్న చెరువులు ఎన్నో చెప్పగలడా?

కలకత్తాలో ధ్రువజ్యోతి ఘోష్ అని ఒక ఇంజినీర్ ఉండేవారు. ఊరి మురుగు ఎటు పోతోందో తేల్చమని ప్రభుత్వం పంపితే ఆయన తూర్పు పక్క చేపల చెరువుల దగ్గర ఆగిపోయారు. లోతు తక్కువ చెరువుల్లో ఎండ, నాచు, చేపలు కలిసి మురుగుని శుభ్రం చేస్తున్నాయని, జాలర్లకి ఆ పని తరతరాలుగా తెలుసని గమనించారు. ఇంజినీరుగా ఉంటూనే ఎకాలజీలో డాక్టరేట్ చేశారు. 12,500 హెక్టార్ల ఆ చిత్తడి నేలలకి 2002లో రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు, వచ్చింది. రెండూ తెలిసిన మనిషి ఒక్కడుంటే ఊరికి ఎంత మిగులుతుందో చూశారా!

మాస్టారూ, మీ విద్యార్థినికి జవాబు: రెండూ కారణాలే. రాయి, సిమెంటు ఉన్న చోట జమ్ము వేరూనే ఒండ్రు ఉండదు. నీళ్లెప్పుడూ నిండుగా ఉంటే ఒండ్రు ఉన్న చోట కూడా కొత్తది మొలవడం కష్టం. జమ్ము విత్తనం లోతు నీళ్లలో సరిగా మొలవదు. నీరు తగ్గి ఒండ్రు బయటపడాలి, తడిగా ఉండాలి, ఎండ తగలాలి. చెరువు ఎప్పుడూ వెనక్కి తగ్గకపోతే ఉన్న జమ్ము దుంపలతో పాకుతుందేమో గానీ, విత్తనం నుంచి కొత్తది రావడం కష్టం.

కాప్రా పెద్దాయన

బిడ్డ చెప్పింది నిజం. నాకు డెబ్బై రెండేళ్లు. మా తాత నీరటి పని చేసేవాడు. తూము ఎప్పుడు తీయాలో, ఎన్ని గడియలు వదలాలో ఆయన చేతిలో ఉండేది. వానాకాలం మత్తడి దూకితే ఊరంతా చూడబోయేది. యాసంగి పంట కోసే నాటికి నీళ్లు నడుమకు పోయేవి. ఎండాకాలం ఒండ్రు తీసి బండ్ల మీద పొలాలకు తోలేవాళ్లు. పిట్టలు ఆ బురదలోనే దిగేవి.

ఇప్పుడు పొలాలు లేవు. తూము మూసుకుపోయింది. పన్నెండు నెలలూ మురుగు వస్తనే ఉంటది. ఇక చెరువు ఎప్పుడు తగ్గాలి?

సైట్ ఇంజినీర్, ఉప్పల్

పెద్దాయన మాట దగ్గర నేను ఆగాల్సి వచ్చింది. ఎప్పుడూ నిండి ఉన్న చెరువులో వరద పట్టే చోటు ఉండదు. 2020 అక్టోబర్ 13 రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి నీళ్లు జాతీయ రహదారి మీదికి వచ్చాయి. వానకి ముందే చెరువు తగ్గించి ఉంచమని మేం అడుగుతూనే ఉంటాం. అందానికి నీళ్లు నిండుగా కనపడాలంటారు. మేం 'వరదకి ఖాళీ' అనేదాన్నే ఈ అమ్మాయి 'విత్తనం మొలిచే కాలం' అంటోందని నాకు ఇప్పటిదాకా తట్టలేదు.

అయినా పూర్తి సబ్జెక్టు అన్న మాట మీద నా అభిప్రాయం మారలేదు. చదివి వచ్చినవాడికి పనెక్కడ ఉంది? నేను క్యూబిక్ మీటరు కాంక్రీటుని ఎం-బుక్కులో (చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో) రాస్తే బిల్లు వస్తుంది. గట్టున జమ్ము నాటించి మూడేళ్లు కాపాడితే ఏ పేజీలో రాయాలి? రేట్ల పుస్తకంలో ఐటమ్ లేని పనిని ఏ కాంట్రాక్టరూ ముట్టుకోడు. ముందు అక్కడ మార్చండి. కాలేజీలో మార్చి లాభం లేదు.

తూనీగ

ఆ ఐటమ్ రాయాల్సింది ఎవరన్నా? ఒక మీటరు గట్టుకి ఎన్ని మొక్కలు, ఏ నెలలో, ఎంత నీటి మట్టంలో నాటాలో మా బోటనీవాళ్లకి తెలుసు. దాన్ని రేటుగా, కొలతగా రాయడం మాకు రాదు. మీకు రాయడం వచ్చు, మొక్క తెలియదు. నెక్నాంపూర్ చెరువులో 2018లో నీటి మీద తేలే తెప్పల్లో వట్టివేరు, జమ్ము లాంటివి పెంచి మురుగు శుభ్రం చేసే పని మొదలుపెట్టింది ఒక స్వచ్ఛంద సంస్థ. అలాంటివి టెండర్లోకి ఎక్కాలంటే మనిద్దరం ఒకే టేబుల్ దగ్గర కూర్చోవాలి. ఆ అలవాటు చదువులో కాకపోతే ఇంకెక్కడ వస్తుంది?

హైడ్రాలజీ మాస్టారు

సైట్ ఇంజినీర్ గారూ, మీరు చెప్పిన ఎం-బుక్కు మాటని రేపు మా మీటింగులో చెబుతాను. నేను అడిగే సబ్జెక్టు రూపం కూడా మార్చుకుంటున్నాను. లెక్కల గంటలు ఒక్కటి కూడా తగ్గించను. పుస్తకం, యూనిట్లు కాకుండా ఒక చెరువు, ఒక ఏడాది. ఆరుగురు సివిల్, ఆరుగురు బోటనీ. వారం వారం నీటి మట్టం కొలవాలి, ఒండ్రు ఎప్పుడు బయటపడిందో, ఏం మొలిచిందో రాయాలి. ఏడాది చివర ఎంత మట్టం దాకా, ఏ నెలలో తగ్గించాలో ఇద్దరూ కలిసి సంతకం పెట్టి ఇవ్వాలి. ఆ కాగితాన్ని మీరే దిద్దాలి. లెవెల్ తప్పైతే సున్నా వేయండి.

పెద్దాయన గారూ, మీ చెరువుతోనే మొదలుపెడదామా? ఆదివారం పొద్దున్నే వస్తాం. తూము ఎక్కడుందో ఆ పిల్లలకి చూపిస్తారా?

కాప్రా పెద్దాయన

రండి. తూము రాళ్లు కంపచెట్ల కింద ఉన్నాయి, కత్తి తెచ్చుకోండి. ఎండెక్కక ముందే రండి.