ఉగాది కార్యక్రమాలు రీడింగ్ హాల్లోనే పెట్టాలా?

తొమ్మిదో బల్ల | మార్చి 5, రాత్రి 9:20

ఒడిశాలో ఉన్న మన ఊరి లైబ్రరీ గుమ్మం పక్కన నోటీసు అంటించారు, చూసే ఉంటారు. మార్చి 19 ఉగాదికి పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం. ఏప్రిల్ 1న ఒడిశా అవతరణ దినం, ఉత్కళ దివస్‌కి వ్యాసరచన పోటీ. 2న పిల్లలకి కథలు. 14న ఒడియా వాళ్ళ కొత్త సంవత్సరం, పణా సంక్రాంతికి తెలుగు, ఒడియా కవితలు. 23న పుస్తక దినోత్సవం, పాత పుస్తకాల ప్రదర్శన. అయిదూ రీడింగ్ హాల్లోనే, పొద్దున్న పదింటి నుంచి.

పండగలు చెయ్యొద్దని నేను అనడం లేదు. హాలు మాత్రం మాకు వదలండి. ఉన్నది ఒక్క హాలు, పన్నెండు బల్లలు. పొద్దున్న ఏడింటికి వచ్చి నిలబడితే గాని బల్ల దొరకదు. పరీక్షలకి చదువుకునే మాలో చాలామందికి ఇంట్లో కూర్చునే చోటు లేదు. మా ఇంట్లో రెండు గదులు, ఆరుగురం.

నిరుడు ఉగాదికి మూడు గంటలు మైకు మోగింది. ఆ తర్వాత పచ్చడి పంచారు. ఎవరి చేతిలోనో గ్లాసు ఒలికి నా పాలిటీ నోట్సు ఇరవై పేజీలు తడిసిపోయాయి. మళ్ళీ రాసుకోవడానికి పది రోజులు పట్టింది.

వెనక పెరడుంది, వేపచెట్టుంది. అక్కడ పెట్టుకోవచ్చు కదా?

పాతపట్నం రోడ్డు | మార్చి 5, రాత్రి 9:41

పది దాటితే పెరట్లో నిలబడలేం. పొద్దున్నే ఏడింటికి పెట్టేస్తే గొడవే ఉండదు.

నౌపడ బండి | మార్చి 5, రాత్రి 9:58

ఎక్కడ పెట్టినా పచ్చడి లోపలికి తేవద్దు. బెల్లం ఉన్నచోటికి చీమలు వస్తాయి.

వేపచెట్టు వీధి | మార్చి 5, రాత్రి 10:35

అమ్మాయీ, నీ నోట్సు తడిసినందుకు నాకూ బాధే. కానీ నిరుడు పచ్చడి పంచింది వరండాలో. పంచినవాణ్ణి నేనే. లోపలికి ఒక్క గ్లాసూ పోలేదు.

ఇక అసలు మాట. గ్రంథాలయం అంటే కూర్చోవడానికి బల్ల ఇచ్చే చోటు మాత్రమే కాదు. 1914లో బెజవాడలో తొలి ఆంధ్ర గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివాళ్ళు ఊరూరా తిరిగి లైబ్రరీలు పెట్టించింది ఉద్యోగ పరీక్షల కోసం కాదు. నలుగురూ కూడి వినడానికీ, మాట్లాడుకోవడానికీ, చదువు రానివాడికి పేపరు చదివి వినిపించడానికీ.

మన సంగతి ఇంకా వేరు. 1936 ఏప్రిల్ 1న మనం మద్రాసు రాష్ట్రం నుంచి ఒడిశాలోకి వచ్చాం. 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చేనాటికి మనం ఆ రాష్ట్రంలో లేం. ఒడిశాకి గ్రంథాలయ చట్టం 2001లో వచ్చింది. ఆ మధ్య కాలమంతా ఇక్కడ తెలుగు పుస్తకం నిలిచిందంటే ఇంటింటికీ తిరిగి చందాలు అడిగినవాళ్ళ వల్ల. ఈ ఏప్రిల్ 1కి తొంభై ఏళ్ళు. ఏడాదికి ఒక్క పూట ఆ హాల్లో తెలుగు పద్యం వినబడుతోంది. దాన్ని కూడా పెరట్లోకి పంపమంటావా?

తొమ్మిదో బల్ల | మార్చి 5, రాత్రి 10:52

మాస్టారూ, గ్లాసు లోపలికి వచ్చింది. మరక ఇప్పటికీ ఉంది, మధ్యలో వేప్పువ్వు రేక కూడా అంటుకుని ఉంది. వరండాలో కూర్చుని నేను నోట్సు రాసుకోను కదా.

వేపచెట్టు వీధి | మార్చి 5, రాత్రి 11:05

వరండాలో పంచింది లోపలికి ఎవరు తెచ్చారో నాకు తెలియదు. నేను ఇవ్వలేదు. ఈ మాట మీద నేను నిలబడతాను.

పాతపట్నం రోడ్డు | మార్చి 6, ఉదయం 6:30

పచ్చడి మాట వదిలేద్దాం. మైకు అవసరమా? అరవై మందికి చిన్న బాక్సు చాలు.

వేపచెట్టు వీధి | మార్చి 6, ఉదయం 7:15

అవసరమే. వచ్చేవాళ్ళలో సగం మంది అరవై దాటినవాళ్ళు. వినబడకపోతే లేచి వెళ్ళిపోతారు.

కొండవీధి | మార్చి 6, ఉదయం 8:02

నోటీసులో తెలుగు ఉంది, ఒడియా ఉంది. కొండ మీద మా ఇళ్ళలో మాట్లాడేది సవర. ఊళ్ళో చదువు వల్ల తెలుగు వచ్చింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

గిడుగు రామమూర్తి గారి పేరు ప్రతి ఉగాదికీ మైకులో వింటాను. ఆయన పర్లాకిమిడిలో మాస్టారుగా ఉండి, సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నది మా మాటే. మా వాళ్ళకి బడులు పెట్టించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. మీరు చెబుతున్న 1936లోనే మంగయి గొమాంగో మా భాషకి సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి కట్టారు. ఆ సంగతి ఏ సభలోనూ వినలేదు.

ఏప్రిల్ 2న పిల్లల కథల్లో ఒక సవర కథకి అరగంట ఇస్తారా? మా అమ్మమ్మ చెబుతుంది. పక్కన కూర్చుని నేను తెలుగులో చెబుతాను.

వేపచెట్టు వీధి | మార్చి 6, ఉదయం 8:40

మంచి ఆలోచన నాయనా. కానీ ఈసారికి నోటీసు అచ్చయిపోయింది. వచ్చే ఏడాది చూద్దాం.

నౌపడ బండి | మార్చి 6, ఉదయం 8:55

నోటీసు చేత్తో రాసింది కదా, అచ్చు కాదు. నిన్ననే చూశాను.

తొమ్మిదో బల్ల | మార్చి 6, మధ్యాహ్నం 1:10

చూడండి, అరగంట అడిగినవాళ్ళకి వచ్చే ఏడాది. మేం హాలు అడిగితే 1914. మేం రోజూ ఆ గుమ్మం తొక్కేవాళ్ళం. ఏడాదికి అయిదు పూటలు వచ్చేవాళ్ళ కోసం రోజూ వచ్చేవాళ్ళు లేచి పోవాలి. ఒడిశా ఉద్యోగ పరీక్ష ఓఎస్‌ఎస్‌సీకి చదివేవాడికి ఏప్రిల్‌లో ఒక్క పూట పోయినా మళ్ళీ రాదు.

వేపచెట్టు వీధి | మార్చి 6, మధ్యాహ్నం 2:25

రోజూ వస్తారు, నిజమే. వచ్చి ఏం చదువుతారు? సొంత గైడు సంచిలో తెచ్చుకుని, ఫ్యాను కింద కూర్చుని, సాయంత్రం సంచి సర్దుకుని వెళ్తారు. లైబ్రరీ పుస్తకం ఒక్కటి ముట్టుకోరు. ముప్ఫై రెండేళ్ళు తెలుగు చెప్పాను. చివరి ఏడాది నా క్లాసులో ముగ్గురు మిగిలారు. నా తర్వాత ఆ పోస్టు నింపలేదు. ఆ బడి గేటు ముందు నుంచి వెళ్ళాలంటే నాకు ఇప్పటికీ కాళ్ళాడవు.

మీ తరానికి తెలుగు అక్కర్లేదు. ఆ మాట సూటిగా చెప్పు. మైకని, పచ్చడని వంకలు ఎందుకు?

తొమ్మిదో బల్ల | మార్చి 6, మధ్యాహ్నం 2:48

తెలుగు అక్కర్లేదా నాకు?

మాస్టారూ, గత వర్షాకాలంలో నేను మూడుసార్లు తెలుగు పుస్తకం అడిగాను. మా నానమ్మది టెక్కలి వైపు. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరి చదవలేకపోతోంది. రాత్రి పడుకునే ముందు ఎవరైనా ఏదైనా చదివి పెట్టమంటుంది. ఇంట్లో ఉన్న పెద్దబాలశిక్ష నాలుగుసార్లు చదివేశాను. లైబ్రరీకి వచ్చి అడిగితే మొదటిసారి తాళం లేదన్నారు. రెండోసారి తాళం కమిటీ పెద్దాయన దగ్గర ఉందన్నారు. మూడోసారి, ఉగాదికి ప్రదర్శన పెడతారు, అప్పుడు చూసుకోమ్మా అన్నారు.

తెలుగు సాహిత్యం నంబరు 894.827 అని చీటీ అంటించిన ఆ బీరువా నా బల్లకి ఎదురుగా ఉంటుంది. రోజూ అద్దంలోంచి అట్టలు చూస్తాను. నిరుడు ఉగాది నాడు తెరిచినప్పుడు ఒక పుస్తకం చేతిలోకి తీసుకున్నాను. వెనక అట్ట లోపల తేదీల చీటీ మీద ఆఖరి ముద్ర 2011ది. పేజీ తిప్పితే అంచు పొడిపొడిగా నా ఒళ్ళో రాలింది. వెండి పురుగు ఒకటి కుట్టు లోపలికి పరిగెత్తింది. సాయంత్రం అయిదింటికి మళ్ళీ తాళం వేశారు.

పుస్తకాలున్నది వాడుకోవడానికే అని గ్రంథాలయ శాస్త్రం రాసిన రంగనాథన్ గారు 1931లో చెప్పిన మొదటి సూత్రం మీరే కదా ఆ పొద్దున్న మైకులో చెప్పారు. అది వింటూ నేను బీరువా వైపే చూస్తున్నాను.

పాతపట్నం రోడ్డు | మార్చి 6, మధ్యాహ్నం 3:02

ఆ తాళం ఎవరి దగ్గరుంది?

వేపచెట్టు వీధి | మార్చి 6, రాత్రి 8:30

నా దగ్గరే ఉంది.

ఎందుకు దాచానో చెబుతాను. ఆ బీరువాలో పుస్తకాలు ఇంటింటికీ తిరిగి తెచ్చినవి. శ్రీకాకుళం నుంచి మూటలు కట్టుకుని నేను బస్సులో మోసినవీ ఉన్నాయి. తాళం లేని రోజుల్లో పదకొండు పుస్తకాలు ఇష్యూ అయి తిరిగి రాలేదు. ఇంటికి వెళ్ళి అడిగాను. ఒకరు ఊరు మారిపోయారు. ఒకరింట్లో పుస్తకం చింపి పొయ్యి కింద పెట్టారు. నా కళ్ళతో చూశాను. ఇక్కడికి కొత్త తెలుగు పుస్తకం రావడం లేదు. అటు నుంచి పంపడానికి మనం వాళ్ళ జిల్లా కాదు. ఇటు నుంచి కొనేటప్పుడు మనం గుర్తుకు రాం. పోయిన పుస్తకం స్థానంలో ఇంకొకటి రాదు. అందుకే తాళం వేశాను.

తొమ్మిదో బల్ల | మార్చి 6, రాత్రి 8:44

పొయ్యి కింద పోయింది ఒక పుస్తకం. బీరువాలో పురుగు తింటున్నవి ఎన్నో మీరు లెక్కపెట్టారా?

వేపచెట్టు వీధి | మార్చి 6, రాత్రి 8:47

నువ్వు నా మీద నింద వేస్తున్నావు.

తొమ్మిదో బల్ల | మార్చి 6, రాత్రి 8:49

నింద కాదు. మీరు మోసుకొచ్చిన పుస్తకాన్ని మా నానమ్మ వినాలని అడుగుతున్నాను.

మహేంద్రతనయ | మార్చి 6, రాత్రి 10:15

మాస్టారూ, చెల్లీ, మీ ఇద్దరి మధ్య రాకూడదని ఇంతసేపు ఊరుకున్నాను. మా గుంటడి సంగతి చెబుతాను, వినండి.

వాడికి తొమ్మిదేళ్ళు. నిరుడు ఉగాదికి పద్యం చెప్పి మొదటి బహుమతి తెచ్చుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వాడి చేతిలో చీటీ ఎవరూ చూడలేదు. ఆ పద్యం వాడు ఒడియా అక్షరాల్లో రాసుకున్నాడు. వాడి బడిలో తెలుగు లేదు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, వాడి నోట్లో మాట మా అమ్మ మాటే. అక్షరం మాత్రం ఒడియా. రెండూ గుండ్రంగానే ఉంటాయి కదమ్మా, ఇది ఎందుకు చదవలేకపోతున్నాను అని నన్ను అడిగాడు.

బహుమతిగా కథల పుస్తకం ఇచ్చారు. ఇంటికొచ్చి బొమ్మలు చూసి, మూసి, దేవుడి గూట్లో పెట్టాడు. ఏడాదైంది. ఆ పుస్తకం అక్కడే ఉంది. పండగ నాడు దానికీ బొట్టు పెడతాడు.

హాల్లో పెడతారా, పెరట్లో పెడతారా, నాకు పట్టింపు లేదు. బీరువా తెరిచినా మావాడు చదవలేడు. మూసినా చదవలేడు. తాళం గురించి మీరు కొట్టుకుంటున్నారు, చదివేవాళ్ళు ఎవరు మిగిలారో ఎవరూ చూడటం లేదు. ఉగాది నుంచి పణా సంక్రాంతి లోపల నాలుగు ఆదివారాలు వస్తాయి. ఆ నాలుగు పూటలు ఎవరైనా కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించండి. ఒత్తులు, గుణింతాలు అన్నీ రాకపోయినా పర్లేదు, బహుమతి పుస్తకం మొదటి పేజీ చదివితే చాలు నాకు. బేలపొణా, అదే మారేడు పానకం, కలిపి తెచ్చే పూచీ నాది. వరండాలోనే పంచుతాను.

నౌపడ బండి | మార్చి 6, రాత్రి 10:31

మా అన్న పిల్లలు ఇద్దరున్నారు. తీసుకొస్తాను.

పాతపట్నం రోడ్డు | మార్చి 6, రాత్రి 10:40

ఏడింటికి పెడితే హాలు ఖాళీ కూడా చేయక్కర్లేదు. పెరట్లో నీడ తొమ్మిదిన్నర దాకా ఉంటుంది. నేను కొలిచి చూశాను.

వేపచెట్టు వీధి | మార్చి 7, ఉదయం 5:50

రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పద్యానికి బహుమతి ఇచ్చింది నేనే. చీటీ చూడలేదు.

అక్షరాలు నేను దిద్దిస్తాను. పలకలు నా దగ్గర పది ఉన్నాయి, బడి మూసినప్పుడు తెచ్చుకున్నవి. రేపు ఆదివారం ఎనిమిదింటికి తాళం తెస్తాను. అమ్మాయీ, ఇష్యూ రిజిస్టరు నువ్వు రాయాలి. ఎవరు తీసుకున్నారో, ఏ వీధో, ఎప్పుడు తెస్తారో వరసగా ఉండాలి. పుస్తకం పోతే నేను నిన్నే అడుగుతాను.

ఉగాది కవి సమ్మేళనం మాత్రం హాల్లోనే, మైకుతోనే. అందులో మార్పు లేదు.

తొమ్మిదో బల్ల | మార్చి 7, ఉదయం 6:20

రిజిస్టరు రాస్తాను. ఎనిమిదింటికి గుమ్మం దగ్గర ఉంటాను. మైకుకి నేను ఒప్పుకోలేదు మాస్టారూ, ఒప్పుకోను కూడా. 19న మా పన్నెండు బల్లలూ ఎక్కడ వేస్తారో ముందు చెప్పండి.

వేపచెట్టు వీధి | మార్చి 7, ఉదయం 6:34

వరండాలో వేయిస్తాను.

తొమ్మిదో బల్ల | మార్చి 7, ఉదయం 6:36

పచ్చడి పంచేదీ వరండాలోనే కదా.

కొండవీధి | మార్చి 7, ఉదయం 7:05

నా అరగంట సంగతి ఎవరూ చెప్పలేదు. అమ్మమ్మని అడిగాను, ఒప్పుకుంది. ఏనుగు కథ చెబుతానంది. మా ఊరి నుంచి కొండ దిగడానికి పొద్దున్న ఒక్కటే జీపు, ఆరింటికి. తిరిగి వెళ్ళేది సాయంత్రం నాలుగింటికి. ఏప్రిల్ 2న ఏ పూట రమ్మంటారో చెప్పండి, సీటు ముందుగా చెప్పి పెట్టుకోవాలి.