తనుకరణమా, తనూకరణమా?

న్యూక్లియర్ మెడిసిన్‌లో (ఒంట్లోకి రేడియోధార్మిక మందు ఎక్కించి బొమ్మలు తీసే విభాగంలో) చేరిన కొత్తలో ఒక జిరాక్సు నోట్సులో చదివిన వాక్యం వారం నుంచి వదలడం లేదు: "తనుకరణం సవరించనిదే గుండె కింది గోడలో లోపం ఉందనకు." అటెన్యుయేషన్‌కు, అంటే ఒళ్ళు దాటేలోపు కిరణాలు తగ్గిపోవడానికి, పెట్టిన మాట అది. అందులో 'ను' హ్రస్వమా, దీర్ఘమా?

— దీర్ఘమే. తను అంటే సన్నం. సన్నం కానిదాన్ని సన్నం చేయడం కాబట్టి 'నూ'. ఘనీకరణలో 'నీ' వచ్చినట్టే. యోగసూత్రాల్లో క్లేశాలకూ తనూకరణమే.

— వ్యాకరణం మీదే మాస్టారూ, కానీ నా మనసు హ్రస్వం మీదే ఉంది. తను అంటే ఒళ్ళు కూడా కదా, ఫోటాన్లను (కిరణంలోని రేణువులను) అడ్డుకునేది అదే! ఒంట్లోకి ఎక్కించే టెక్నీషియం ఇచ్చే 140 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్లలో సగం, నాలుగున్నర సెంటీమీటర్ల నీళ్ళు దాటేలోపే ఆగిపోతాయి, లేదా దారి మళ్ళుతాయి. కండ కూడా ఇంచుమించు అంతే.

— మేం 'క్షీణత' అంటాం. చాలదా?

— చాలదండీ. ఒక్కో ఫోటాన్ నీరసపడినట్టు వినిపిస్తుంది. ఏ అడ్డూ తగలకుండా బయటపడ్డది 140తోనే బయటపడుతుంది, తగ్గేది వాటి సంఖ్య. 'క్షయం' అందామంటే దాన్ని రేడియోధార్మికతకు ఎప్పుడో ఇచ్చేశాం.

— నీరసం అనగానే పోతన గుర్తొచ్చాడు. గజేంద్రుడి మొరలో "తనువున్ డస్సెన్"! తనువూ ఉంది, డస్సడమూ (అలసిపోవడమూ) ఉంది. లావు పోయి, ధైర్యం చెదిరి, ప్రాణాలు ఠావులు తప్పాక గానీ ఆ మాట రాదు. ఆ వరసకే నాకు గొంతు పట్టేస్తుంది. ఇంత చక్కటి 'డస్సు'ను ఎందుకు వదులుకోవాలి?

— పద్యానికి దణ్ణం. కానీ అక్కడ డస్సింది తనువే, ఇక్కడ తనువు దాటలేక డస్సేది కిరణపుంజం. కర్త మారిపోయాడు.

— నా పేచీ 'సవరించు'తో. పెట్ స్కాన్‌లో జంట ఫోటాన్లు ఎదురుబొదురుగా పోతాయి. ఆ గీత మీద ఎక్కడ పుట్టినా ఇద్దరి దారీ కలిపితే ఒంటి మందమంతా, కాబట్టి గీతకు ఒకే గుణకం. టెక్నీషియంతో తీసే స్పెక్ట్ స్కాన్‌లో జంట ఉండదు, ఎంత లోతున పుట్టిందో కూడా లెక్కలోకి రావాలి. రెండు చోట్లా పోయిన లెక్కను తిరిగి నింపుతున్నాం, అది 'పూరణ'. ఆ పూరణకు వాడే సీటీ స్కాన్ తీసినప్పటి ఊపిరి వేరై గుండె పక్కకు జరిగిందా, ఆ పూరణే లేని లోపాన్ని పుట్టిస్తుంది. నేను రెండుసార్లు మోసపోయాను.

— అడిగింది నేనే. 'సవరించనిదే' అని ఉందో 'పూరించనిదే' అని ఉందో ఇప్పుడు అదీ సందేహమే. 'ను' కొమ్ము చివర ఒక ఒంపు మాత్రం కళ్ళకు కట్టినట్టుంది. దీర్ఘమో, జిరాక్సు మరకో.