డాబా మీద తోక ఊపుతూ తిరిగే పిట్ట ఏది?

నాగావళి గట్టు:
మాది శ్రీకాకుళం, నాగావళి దగ్గర ఇల్లు. దీపావళి వెళ్లిన దగ్గర్నుంచి పొద్దున్నే డాబా మీదకి ఒక సన్నపాటి పిట్ట వస్తోంది. వీపు బూడిద రంగు, ముఖం తెలుపు, గుండె మీద నల్ల పట్టీ. గెంతదు, గబగబా నడుస్తుంది. ఆగినా తోక ఆడుతూనే ఉంటుంది. ఏట్లో రాళ్ల మీద ఏడాదంతా కనిపించే నలుపూ తెలుపూ పిట్ట ఇదేనా? మా అత్తగారు "సైబీరియా నుంచి వచ్చింది, నూకలు వెయ్యి" అన్నారు. వేస్తే ముట్టుకోవడం లేదు.

టెక్కలి మేష్టారు:
కాదమ్మా. రెండూ వాగ్‌టెయిల్సే, అంటే తోక ఊపే పిట్టలే గానీ జాతులు వేరు. ఏటి రాళ్ల మీద ఉండేది ఇక్కడిదే. దాని తల, గొంతు, వీపు నలుపు, కంటి మీద తెల్ల గీత. మీ డాబా మీదది వైట్ వాగ్‌టెయిల్, చలికాలానికి ఉత్తరం నుంచి దిగుతుంది, వేసవి ముదిరేలోపు వెళ్లిపోతుంది. అది తినేది పురుగుల్ని, ఈగల్ని. కుండీల్లో మొక్కలకి పురుగుమందు కొట్టకండి, వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెట్టండి. అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

సైబీరియా మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. మా టెక్కలి దగ్గరి తేలినీలాపురం ఊళ్లో గూళ్లు కట్టే పెలికాన్లనీ, ఎర్రకాళ్ల కొంగల్నీ కూడా అందరూ సైబీరియా పక్షులనే అంటారు. వింటే నాకు బాధేస్తుంది. అవి దక్షిణాసియా పక్షులు. చలికి పారిపోయి వచ్చేది ఇక్కడ గూడు కట్టదు, దాని పిల్లలు ఉత్తరాన వేసవిలోనే పుడతాయి. ఇవి మాత్రం సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి మన చింతచెట్ల మీదే గుడ్లు పెట్టి, నౌపడా చిత్తడి నేలల్లో చేపలు పట్టి పిల్లల్ని పెంచుతాయి. విదేశీ పక్షులంటే ఎక్కడో ఒకచోట బతుకుతాయిలే అనిపిస్తుంది. ఆ చెట్లు పోతే వాటికి పురిటిల్లే పోయినట్టు.

ఇచ్ఛాపురం వాసి:
మా తేలుకుంచి కొంగలకీ ఇదే పేరు మేష్టారూ! ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, నత్తలు తినేవి. తొలకరికి వస్తాయి. ఇప్పుడు పిల్లలకి రెక్కలొచ్చి చెట్లు ఖాళీ అవుతున్నాయి. చలికాలంలో వెళ్లిపోయేవాటిని చలికి వచ్చాయని ఎలా అంటారో! రెట్టల వాసనకి ఇబ్బంది ఉన్నా మా ఊళ్లో ఎవరూ రాయి విసరరు.

నాగావళి గట్టు:
మందు కొట్టడం ఆపేశాం మేష్టారూ. అత్తగారికి చదివి వినిపించాను, నీళ్ల పళ్లెం ఆవిడే పెట్టారు. నిన్న కాలువ దగ్గర పసుపు పొట్టది ఒకటి కనిపించింది, తోక అలాగే ఆడిస్తోంది. అదీ ఈ జాతేనా?

టెక్కలి మేష్టారు:
అదీ వాగ్‌టెయిలే. వీపు రంగు చూడండి. బూడిద రంగై, తోక బాగా పొడుగ్గా ఉంటే గ్రే వాగ్‌టెయిల్. ఆకుపచ్చ ఛాయ ఉంటే ఎల్లో వాగ్‌టెయిల్ కావచ్చు, అవి పశువులు మేసే చోట ఎక్కువ. ఫొటో దొరికితే పెట్టండమ్మా.